ఏ గది తీసుకుందాం?

పిల్లలూ, ఈ పాఠం వరకూ మీ ఇల్లు అబుదాబి దగ్గర బనియాస్‌లో ఉందనుకోండి. రాజమండ్రి నుంచి అమ్మమ్మ వచ్చింది. సెలవుల్లో రెండు రోజులు యాస్ ద్వీపంలో ఉందామని నాన్న అన్నారు. అక్కడ ఫెరారీ వరల్డ్ 2010లో, యాస్ వాటర్‌వరల్డ్ 2013లో, వార్నర్ బ్రదర్స్ వరల్డ్ 2018లో, సీవరల్డ్ 2023లో తెరిచారు. ఒక్క రోజులో అన్నీ చూడలేం.

బనియాస్ నుంచి కారులో అరగంట లోపే వెళ్లొచ్చు కదా, మరి హోటల్ ఎందుకు? అమ్మ, నాన్న, మీరు, తమ్ముడు మాత్రమే అయితే నిజంగా అక్కర్లేదు. రాత్రికి ఇంటికొచ్చి పప్పన్నం తిని పడుకోవచ్చు. కానీ అమ్మమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి. నడుం వాల్చడం అంటే కొంచెంసేపు పడుకోవడం. పార్కు దగ్గరే గది ఉంటే నాన్న ఆమెను దింపి వస్తారు, మీ ఆట ఆగదు.

ఇక నాన్న ఫోన్‌లో మూడు రకాల గదులు కనిపిస్తున్నాయి. ఫ్యామిలీ రూమ్ అంటే ఒకటే పెద్ద గది, రెండు మంచాలు, పరుపుగా మారే ఒక సోఫా. సూట్ అంటే పడకగది వేరు, కూర్చునే గది వేరు. కనెక్టింగ్ రూమ్స్ అంటే రెండు గదులు, మధ్యలో తలుపు. దీనికి తెలుగులో ఒకే మాట వెతక్కండి, ‘మధ్య తలుపున్న గదులు’ అంటే అందరికీ అర్థమవుతుంది. ‘పక్కపక్క గదులు’ అంటే మాత్రం వేరు. వాటి మధ్య గోడే ఉంటుంది. అమ్మమ్మ రాత్రి పిలిస్తే మీరు వరండాలోకి వచ్చి ఆవిడ తలుపు కొట్టాలి!

‘పక్క’ అనే మాటతో ఇంకో తమాషా ఉంది. ‘నా పక్కన కూర్చో’ అన్నప్పుడు అది వైపు. ‘పక్క వెయ్యి’ అన్నప్పుడు పరుపు, దుప్పటి, దిండు. “నాకు కింద పక్క వేస్తే చాలు” అని అమ్మమ్మ అంటే ఆవిడ నేల మీద పడుకుంటానంటోంది.

అసలు చిక్కు ఇక్కడే. నేల మీద నుంచి లేవాలంటే ఆవిడకి మోకాళ్లు నొప్పి. అయినా అలాగే అంటుంది, ఎందుకంటే ఖర్చు పెరుగుతుందని ఆవిడకి తెలుసు. “ఏ గది కావాలి?” అని అడిగితే “నాకెక్కడైనా ఫరవాలేదు” అనే వస్తుంది. ఈ ‘ఫరవాలేదు’ని నమ్మకండి. చిన్న చిన్న ప్రశ్నలు వెయ్యండి. మీ ఇంట్లో అమ్మమ్మని ‘మీరు’ అంటే అలాగే మార్చుకోండి.

“అమ్మమ్మా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?”
“రెండుసార్లు లేస్తానురా.”
“లైటు వేస్తే తమ్ముడు లేస్తాడని చీకట్లో నడుస్తావా?”
“మరి పిల్లాడి నిద్ర పాడుచేస్తానా?”
“స్నానానికి టబ్బులోకి కాలెత్తి దిగగలవా?”
“అబ్బే, నా వల్ల కాదు. బకెట్టు, చెంబు ఉంటే చాలు.”

ఇప్పుడు తెలిసింది కదా! ఫ్యామిలీ రూమ్ కంటే మధ్య తలుపున్న గదులే నయం. అమ్మమ్మ లైటు వేసుకోవచ్చు, తలుపు తీసి ఉంచితే మీకు మాట వినిపిస్తుంది. సూట్ కూడా మంచిదే, కానీ చాలాసార్లు అందులో సోఫా మీద పడుకునేది పెద్దవాళ్లే అవుతారు. అది నాకు నచ్చదు.

గది బుక్ చేసే ముందు నాన్న చేత హోటల్‌కి ఫోన్ చేయించండి. మధ్య తలుపున్న గదులు ‘ఖాళీ ఉంటేనే’ ఇస్తామని కొన్ని హోటళ్లు అంటాయి. తప్పకుండా ఇస్తామని ముందే రాసి పంపమనాలి. టబ్బు లేకుండా షవర్ మాత్రమే ఉన్న స్నానాలగది ఉందా అని కూడా అడగాలి.

అభ్యాసం

ఒక గది 600 దిర్హాములు, మధ్య తలుపున్న రెండు గదులు 1,050 అనుకుందాం. రెండు రాత్రులకి తేడా ఎంత? “అంత ఎందుకు?” అని నాన్న అడిగితే ‘కంటే’, ‘కాబట్టి’ వాడుతూ మూడు వాక్యాల్లో జవాబు చెప్పండి.

‘పక్క’ని రెండు అర్థాల్లోనూ వాడి రెండు వాక్యాలు రాయండి.

ఈ వారం మీ అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి రాత్రి నిద్ర ఎలా పడుతోందో అడగండి. ‘ఫరవాలేదు’ అంటే ఇంకో ప్రశ్న వెయ్యండి. వచ్చిన జవాబు ఇక్కడ రాయండి.