ముందు ఆ నల్లమచ్చ చూపించు

అమ్మాయీ,

పిల్లల్ని తీసుకుని సెక్వోయా నేషనల్ పార్కుకు వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. జనరల్ షెర్మన్ చెట్టు ముందు ఫోటో ఎలాగూ దిగుతారు, దిగండి. దాదాపు 84 మీటర్ల ఎత్తు, మొదలు దగ్గర 11 మీటర్ల అడ్డుకొలత, 2 వేల ఏళ్ళు దాటిన వయసు! తల ఎత్తి నోరు తెరవని వాళ్ళుండరు. కానీ తల్లీ, పిల్లల చూపు పైకి పోకముందే ఆ సెక్వోయా మానుల మొదళ్ళ దగ్గర బొగ్గులా నల్లబడ్డ మచ్చలు చూపించు. ఎత్తు చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎలా బతికిందో తెలియాలంటే మాత్రం ఆ మచ్చనే చూడాలి.

సెక్వోయా బెరడు దాల్చినచెక్క రంగులో, కొబ్బరిపీచులా ఉంటుంది. పెద్ద మానులకు అది 60 సెంటీమీటర్ల మందం దాకా పెరుగుతుంది. అందులో జిగురు లేదు కాబట్టి తొందరగా అంటుకోదు. కాయ కోడిగుడ్డంత, గింజ అర సెంటీమీటరు. ఆ కాయ 20 ఏళ్ళ దాకా పచ్చిగానే, మూసుకునే కొమ్మను పట్టుకుని ఉండగలదు. కింద మంట లేస్తే ఆ వేడికి ఎండి, నోరు విచ్చి గింజలు రాలుస్తుంది. ఉడతలూ పురుగులూ కొన్ని కాయల్ని తెరుస్తాయి గానీ, రాలిన గింజకు ఆకుచెత్త లేని వట్టి నేలా, పైనుంచి ఎండా కావాలి. ఆ రెండూ ఒక్కసారే అమర్చేది నిప్పే. ఈ సంగతి తెలియక దాదాపు నూరేళ్ళు అక్కడ రేగిన ప్రతి మంటనూ ఆర్పేశారు. దాంతో చెత్త పేరుకుంది, నీడలో పెరిగే వైట్ ఫర్ చెట్లు కమ్ముకున్నాయి, సెక్వోయా మొలకలు అరుదైపోయాయి. 1960లలో పరిశోధకులు కారణం తేల్చాక, 1968 నుంచి పార్కువాళ్ళే అదుపులో మంటలు పెట్టడం మొదలుపెట్టారు. అక్కడి ఆదివాసులు అంతకు ఎన్నో తరాల ముందునుంచే అడవిని అలా కాల్చి కాపాడుకునేవారు. వాళ్ళ మాట ముందే విని ఉంటే ఎంత బాగుండేది!

మరి 2020, 2021 కార్చిచ్చుల్లో పెద్ద సెక్వోయాల్లో 13 నుంచి 19 శాతం పోయాయి కదా, నిప్పును మెచ్చుకోవడమేమిటని అల్లుడు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వేల ఏళ్ళు నిలిచిన మానులు రెండేళ్ళలో అన్ని పోవడం తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. అయితే వాటిని చంపినవి ఎప్పటిలా నేలబారున పాకే చిన్న మంటలు కావు. నూరేళ్ళుగా పేరుకున్న చెత్తా, కరువుకు ఎండిన చెట్లూ, పెరిగిన ఎండలూ కలిసి తలకొమ్మల దాకా ఎగదోసిన మంటలవి. బెరడు మొదలును కాపాడుతుంది గానీ 70 మీటర్ల పైనున్న ఆకును కాపాడలేదు. షెర్మన్ చెట్టు ఉండే జెయింట్ ఫారెస్ట్‌లో ముందుగా చెత్త కాల్చి ఉంచడంతో 2021 మంట చాలామేరకు నెమ్మదించింది. షెర్మన్ చెట్టు మొదలుకు రేకు చుట్టిన ఫోటోలు అందరూ చూశారు. దాన్ని కాపాడడంలో అంతకుముందు దశాబ్దాల్లో పెట్టిన చిన్న మంటల పాలు ఎక్కువని నా నమ్మకం.

కాలిన చెట్లు చూపిస్తే పిల్లలు బెదురుతారని నువ్వు అనుకోవచ్చు. కాలిఫోర్నియాలో పెరిగే పిల్లలకు పొగ కమ్మిన ఆకాశం కొత్త కాదు. నిప్పంటే నాశనమనే ఒక్క మాటే విని పెరిగితేనే భయం ముదురుతుంది. కాలి కూడా బతికిన మానును చూస్తే, ఏ మంట ఎందుకు చంపుతుందో, ఏది ఎందుకు చంపదో వాళ్ళే అడుగుతారు. చెప్పడానికి తీరిక ఉంచుకో. నాలుగు చోట్లు చుట్టే ఆరాటంలో ఆ ప్రశ్నలు కారు వెనకసీట్లోనే ఉండిపోతాయి.

ఒక్క జాగ్రత్త. ఆ మచ్చను తాకాలని కంచె దాటనివ్వకు. అంత మానుకూ తల్లివేరు లేదు. వేళ్ళు నాలుగు మీటర్ల లోతు మించకుండా, పక్కలకు 30 మీటర్లకు పైగా పాకుతాయి. మనమొక్కరం తొక్కితే ఏమవుతుందనుకుంటూనే లక్షలమంది ఆ మట్టిని గట్టిపరుస్తారు. జెయింట్ ఫారెస్ట్‌లో 280కి పైగా కట్టడాలు తీసేసింది ఈ బాధతోనే. దారి పక్కన రాలిన కాయ కనిపిస్తే అక్కడే కూర్చుని, దాని ముడతల సందుల్లో గింజ మిగిలిందేమో పిల్లల్ని వెతకమను. చూశాక కాయను అక్కడే వదిలేసి రండి.

మీ పెదనాన్న