ఒక చార్టు, చుట్టూ ఆరుగురు పిల్లలు

ఎనిమిదో తరగతి పిల్లాణ్ని రోజూ ‘పొట్టోడా’ అని ఏడిపిస్తున్నారు. ఏమైందిరా అని టీచరు అడిగితే ‘ఏం లేదు మేడం’ అంటాడు. నోరు విప్పితే చాడీలకోరు అన్న ఇంకో పేరు పడుతుందని వాడి భయం. కాగితం, క్రేయాన్లు ఇచ్చి ‘ఇంటర్వెల్లో మన బడి ఎలా ఉంటుందో గీయి’ అంటే మాత్రం గీస్తాడు. ఆర్ట్ థెరపీ అక్కడ మొదలవుతుంది. బొమ్మలన్నా పిల్లలన్నా ఇష్టమున్నవాళ్లు ఈ పని గురించి ఆలోచించాలని నా కోరిక.

ఇది డ్రాయింగ్ క్లాసు కాదు. నల్లరంగు వాడాడు కాబట్టి దిగులుగా ఉన్నాడని జాతకం చెప్పడమూ కాదు. బొమ్మకు అర్థం గీసినవాడే చెప్పాలి.

గుంపుగా చేయించే పని ఒకటి చూడండి. పెద్ద చార్టు, చుట్టూ ఆరుగురు. మాట్లాడకుండా అందరూ కలిసి ఒక ఊరు గీయాలి. కాసేపటికి తరగతి గది ఆ చార్టు మీదికి వచ్చేస్తుంది. ఒకడు సగం కాగితం లాగేసుకుని పక్కవాడి ఇంటి మీదుగా రోడ్డు వేస్తాడు. ఒకమ్మాయి మూలకు జరిగి చిన్న చెట్టు వేసుకుంటుంది. మిగతావాళ్లు చూసీ చూడనట్టు ఉంటారు. థెరపిస్టు ఎవరినీ తిట్టరు. ‘ఈ రోడ్డు పడ్డాక ఆ ఇంట్లోవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న ఊరుకున్నవాళ్లకూ తగులుతుంది. బలమున్నవాడు బలంలేనివాణ్ని కావాలని, పదేపదే బాధపెట్టడమే బుల్లీయింగ్ అని 1970ల నుంచి దీనిపై పరిశోధించిన డాన్ ఒల్వియస్ చెప్పాడు. అందుకే బాధపడే బిడ్డ ఒక్కడికే ధైర్యం చెప్పి పంపితే చాలదు. అయితే కొట్టడం, బెదిరించడం దాకా వెళ్లినచోట ఇద్దరినీ ఒకే చార్టు ముందు కూర్చోబెట్టకండి. ముందు ఆ బిడ్డకు రక్షణ కల్పించాలి.

ఇక చదువు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేనిదే ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకోకూడదు. మన దేశంలో అంత గట్టి కట్టడి లేదు. అలాగని రెండు వారాల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకోవద్దు. డిగ్రీలో సైకాలజీ, ఆపై కౌన్సెలింగ్‌లో పీజీ, ఆ తర్వాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఆర్ట్ థెరపీ శిక్షణ... నేనైతే ఈ దారే చెబుతాను. బీఎఫ్‌ఏ చేసినవాళ్లూ రావచ్చు, సైకాలజీ మాత్రం చదవాల్సిందే. టీచర్లకు ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. ఉద్యోగం చాలావరకు స్కూల్ కౌన్సెలర్ పేరుతోనే దొరుకుతుంది; సీబీఎస్‌ఈ నిబంధనలు హైస్కూళ్లలో కౌన్సెలర్ ఉండాలంటున్నాయి.

ఉద్యోగంలో చేరాక, పిల్లల బొమ్మలు యాన్యువల్ డేకి గోడకు అంటిద్దామని యాజమాన్యం తప్పక అడుగుతుంది. కుదరదని మర్యాదగా చెప్పి, వాటిని బీరువాలో పెట్టి తాళం వేయండి.