లడ్డూలు ఇంట్లోనే ఉంచు

ఆయన ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్లాక న్యూయార్క్ ఫ్లాట్‌లో గోడల్ని చూస్తూ ఎంతసేపని కూర్చుంటాం, చెప్పు? దగ్గర్లోనే యూదుల సేవాసంస్థ ఒకటుంది, వాలంటీర్లు కావాలంటోంది. వెళ్దామనే ఉంటుంది. ‘మనం వాళ్ల మతం కాదుగా, రానిస్తారా?’ అన్న బెరుకే గుమ్మం దాటనివ్వదు.

రానిస్తారు తల్లీ. బ్రూక్లిన్‌లో 2005లో మొదలైన మస్బియా అనే సంస్థ వాళ్లు తమ ఆచారం ప్రకారం వండి, ఆకలన్నవాళ్లకి పెడతారు. తినేవాళ్లనీ, కూరలు తరగడానికి వచ్చేవాళ్లనీ మతం అడగరు. మాన్‌హట్టన్‌లో డోరోట్ ఉంది. 1976లో మొదలైంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకెళ్లి కబుర్లు చెప్పడం, ఫోన్‌లో పలకరించడం, పండగలకి సరుకుల సంచీ అందించడం వాళ్ల పని.

హెచ్4 వీసా మీద వచ్చాం, పని చేయకూడదేమోనన్న భయమా? ధర్మసంస్థలో జీతం లేకుండా, మామూలుగా జీతమిచ్చి చేయించుకోని పని చేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా మీ లాయర్ని ఓ మాట అడిగేస్తే మనసు కుదుటపడుతుంది. చేతిఖర్చులకని డబ్బిస్తామన్నా వద్దనేసెయ్.

అసలు జాగ్రత్తంతా వంటింట్లోనే. మన అమ్మమ్మల మడి గుర్తుందిగా, అంత పట్టింపు. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. కత్తులూ అంతే. తోచిన గరిటె తీసి కలిపేయకు, అడిగి తీసుకో. ఆకుకూరల్లో పురుగుందేమోనని వెలుతురులో పెట్టి చూస్తారు. ఆ పనైతే మనకి ఎవరూ నేర్పక్కర్లేదు! ప్రేమకొద్దీ నేతి లడ్డూలు చేసి పట్టుకెళ్లకు. మనింటి వంట వాళ్ల నియమాలకి కుదరదు, పాపం, వద్దనలేక వాళ్లు ఇరుకున పడతారు. ఇవ్వాలనే ఉంటే వాళ్ల ఆహార నియమాలకి సరిపోయిందని తెలిపే కోషర్ ముద్ర ఉన్న సీలు ప్యాకెట్ కొను, అదీ ముందు అడిగాకే.

శుక్రవారం పొద్దు వాలిందగ్గర్నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకి విశ్రాంతి. ఆచారం పాటించేవాళ్లు ఫోన్ కూడా ముట్టరు. నీ మెసేజ్‌కి జవాబు రాలేదని చిన్నబుచ్చుకోకు. నిష్ఠగా ఉండే మగవాళ్లు చాలామంది ఆడవాళ్లకి చేయి కలపరు. మనకున్న నమస్కారం ఎందుకు మరి?

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం కాస్త నిదానం. హిట్లర్ కాలంలో అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లూ వాళ్లలో ఉండొచ్చు. తెలుసుకోవాలన్న ఆత్రంతో తవ్వి అడక్కు. తమంతట తాము చెబితే విను. మన ఇంగ్లీషు యాసకి సిగ్గెందుకు? వాళ్లలోనూ ఎందరో వేరే దేశాల్లో పుట్టి వచ్చినవాళ్లే. నెమ్మదిగా, కాస్త గట్టిగా మాట్లాడు, చాలు.

మొదట్లోనే వారానికి నాలుగు రోజులు వస్తానని మాటిచ్చేయకు. పిల్లలకి జ్వరమొస్తే నువ్వు మానేస్తావు, అక్కడ నీకోసం ఎదురుచూసే పెద్దావిడ తలుపు వైపే చూస్తూ కూర్చుంటుంది. మంగళవారం రెండు గంటలే కుదురుతుందా? అదే రాసి ఈ వారమే దరఖాస్తు పెట్టు. ముందు చిన్న శిక్షణ ఉండొచ్చు, నీ వివరాలు కూడా విచారించుకోవచ్చు. గుర్తింపుకి అడగొచ్చు కాబట్టి పాస్‌పోర్టు ఏ అరలో పెట్టావో ఇప్పుడే వెతుక్కో.