జ్ఞాపకపు కార్డు

చిరంజీవియగు మేనల్లునకు మీ మామయ్య దీవించి వ్రాయునది.

మంగళగిరి చీరల అంగడిని ఆన్‌లైనున కెక్కించి ఏడాది తిరుగకమునుపే ఆర్డర్లు వ్రాసికొనుటకును, బిల్లులు వేయుటకును, పార్సిళ్లపై చిరునామా లంటించుటకును అర్ధరాత్రి దాటుచున్నదనియు, ఇక నీ పనియంతయు ప్రోగ్రామున కప్పగింపదలచితివనియు వ్రాసిన జాబు చేరినది. అప్పగింపుము, కాదనను. చూచి వ్రాయుటకు మనిషిని వినియోగించుట అతని కన్నులకు చేయు అపచారమని నలువదియేండ్లు చిట్టా వ్రాసిన నాకు తెలియును.

మా దినములలో ఆర్డరు పోస్టుకార్డుపై వచ్చెడిది. చీరను వి.పి. పార్సిలుగా పంపినచో పోస్టుమాను సొమ్ము పుచ్చుకొని ఇచ్చెడివాడు. సొమ్ము మనియార్డరుగా మాకు చేరెడిది. (మీ క్యాష్ ఆన్ డెలివరీ దాని మనుమరాలే.) ఒక దసరాకు ముందు ఒకావిడ నిజాం అంచు చీరకు కార్డు వ్రాసి, వారము చూచి, చీర యింకను రాలేదని మరియొక కార్డు వ్రాసినది. నేను దానినిగూడ ఆర్డరుగానే యెంచి రెండవ చీర పంపితిని. అది ముద్రలమీద ముద్రలతో, మూల చినిగి, తిరిగివచ్చినది. మీ తాతగా రేమియు ననక, ఆ పార్సిలును గల్లాపెట్టె ప్రక్కన నెలదినములు నా కంటికెదురుగా నుంచిరి.

నీ ప్రోగ్రామునకును ఈ జ్ఞాపకపు కార్డులు వచ్చును. కొన్నవారు యు.పి.ఐ.తో చెల్లింపగానే పేమెంట్ గేట్‌వే నీ సర్వరుకు వెబ్‌హుక్ కబురు పంపును. నీ వైపునుండి సకాలమున 'అందినది' అను మాట పోనిచో, అదే కబురును మరల పంపును. అది దాని లోపము కాదు, ధర్మము. కావున ప్రతి చెల్లింపు సంఖ్యయు ఒక్కమారే నమోదగునట్లు డేటాబేసులోనే కట్టడి చేయుము. ముందు వెదకి, లేనిచో వ్రాయుదమని ప్రోగ్రాము తెలివిని నమ్ముకొంటివా, ఒకే క్షణమున రెండు కబురులు వచ్చినప్పుడు రెండును వెదకి, రెండును 'లేదు' అనుకొని, రెండు చీరలు కట్టించును.

రకమున కొక్కటే యుండు చీరల సంగతి మరియొకటి. దుకాణములో ఎదుట నిలిచిన గిరాకీకి అమ్మినదియు అదే చిట్టాలో, అప్పుడే పడవలెను. సాయంకాలము వ్రాయుదమన్నచో ఈలోగా అమెరికాలో నెవరో దానిని కొనియుందురు.

పన్ను విషయమున పిన్‌కోడును చూచి రాష్ట్రమును నిర్ణయింపకుము. గడి యిచ్చి కొన్నవారినే అడుగుము. 2014లో ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమున కలిసిన చింతూరు, కూనవరముల పిన్‌కోడు నేటికిని 507తోనే మొదలగును. నీ ప్రోగ్రాము అది తెలంగాణమని భ్రమించి, 2.5 శాతము చొప్పున రెండు పద్దులుగా వేయవలసిన జి.ఎస్.టి.ని 5 శాతము ఐ.జి.ఎస్.టి.గా వేయును. మొత్తము ఒకటే కదా యందువు; రిటర్ను వేయునాడు ఆడిటరు ఏమనునో విందువుగాని.

చిరునామాలో "రామాలయము ప్రక్కసందు, నీలిగేటు" అని యున్నచో దానిని సరిదిద్దు పని యంత్రమునకు పెట్టకుము. అట్టివానిని ప్రక్కకు తీసి నీకు చూపిన చాలును, ఫోను చేసి కనుగొనుము.

దసరా రద్దీకి ముందే ఒకనాడు కూర్చుండి, ఒకే కబురును కావలెననియే మూడుమార్లు పంపి చూడుము. చిట్టాలో ఒక్క పద్దే పడినచో నాకు ఫోను చేయుము; అత్తయ్య తనకొక చీర నీ అంగడిలోనే కొనుటకు ఎదురుచూచుచున్నది.

ఇట్లు,
మీ మామయ్య