సెన్సర్ కడిగితే వారంటీ పోయినట్టేనా?

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వణుకుతోంది, మైలేజీ పడిపోయింది. వీడియో చూసి యజమానే బానెట్ ఎత్తి ఎయిర్‌ఫ్లో సెన్సర్ శుభ్రం చేసుకున్నాడనుకుందాం. కొన్ని నెలలకు ఏసీ కంప్రెసర్ చెడింది. ‘సెన్సర్ మీరే విప్పారు కదా, ఇక వారంటీ లేదు’ అంది సర్వీస్ సెంటర్. అది చెల్లుతుందా?

చెల్లదనే వాదనకు గట్టి ఆధారమే ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మారుతి సుజుకి, టాటా, మహీంద్రా, హోండా, టొయోటా సహా 14 కార్ల కంపెనీలపై మొత్తం రూ.2,544.64 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది ప్రధాన అభియోగం. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే షరతు కూడదని కూడా అదే ఉత్తర్వులో చెప్పింది. ఆ రిపేరు సరిగా చేయక ఏ నష్టం జరిగిందో, అంతవరకే వారంటీ నిరాకరించాలి. ఉత్తర్వుపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పైగా అది బయటి గ్యారేజీల గురించే తప్ప యజమాని సొంతంగా చేసుకున్న పని గురించి కాదు. అయినా సెన్సర్‌కూ ఏసీకీ సంబంధమేమిటన్న ప్రశ్నకు కంపెనీ జవాబు చెప్పక తప్పదు.

సెన్సరే పాడైతే సంగతి వేరు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె దాటాక గొట్టంలో కూర్చునే ఆ భాగంలో వెంట్రుకలాంటి వేడి తీగ ఉంటుంది. లోపలికి వచ్చే గాలి దాన్ని ఎంత చల్లబరిస్తే, గాలి అంత ఎక్కువ వస్తోందని ఇంజిన్ కంప్యూటర్ లెక్కగట్టి ఇంధనం వదులుతుంది. వేలు తగిలినా, దూదిపుల్లతో రుద్దినా తీగ తెగొచ్చు. బ్రేక్ క్లీనర్, కార్బురేటర్ క్లీనర్ వాడకూడదు. ఈ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరాకే బిగించాలి. ఇవేవీ పాటించక తీగ తెంపుకుంటే కొత్త సెన్సర్ ఖర్చు యజమానిదే, అందులో అన్యాయం లేదు. (చాలా చిన్న పెట్రోల్ కార్లలో ఈ సెన్సరే ఉండదు. వీడియో చూసి వెతకడం మొదలుపెట్టేముందు మాన్యువల్ తిరగేయడం మేలు.)

వివాదం ముదిరితే నిలబెట్టేవి కాగితాలే. విప్పకముందు, బిగించాక ఫొటోలు, స్ప్రే బిల్లు దాచుకోవాలి. వారంటీ నిరాకరణకు కారణం జాబ్ కార్డు మీదో, ఈమెయిల్‌లోనో రాసిమ్మని అడగాలి. ‘బయటివాళ్లు చెయ్యి పెట్టారు’ అని నోటితో అన్నంత తేలిగ్గా, ఫలానా పని వల్ల ఫలానా భాగం పోయిందని రాసివ్వలేరు.

అప్పటికీ దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కారు ఎక్కడ కొన్నా, ఫిర్యాదుదారు తానుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే ఆ భాగాన్ని కమిషన్ ల్యాబ్‌కు పంపించగలదు. సొంత కారు నడుపుకుంటూ దాని మీదే బతికే ట్యాక్సీ డ్రైవర్ కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. ఫీజు, చెల్లించిన ధరను బట్టి ఉంటుంది: ఎనిమిది లక్షల కారుకైతే రూ.200.