జబ్బు ఒకరికి, భయం ఇద్దరికీ

"డాక్టరు గారూ, ఆమెకు మాత్రం చెప్పకండి. తట్టుకోలేదు." బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చిన రోజున చాలామంది భర్తలు అనే మాట ఇది. భర్తకు జబ్బు వస్తే భార్యలు కూడా ఇలాగే బతిమాలుతారు. ప్రేమ కొద్దీ అడిగే మాటే. అయితే ఈ దాపరికం రోగికి నిజంగా మేలు చేస్తుందా? ఈ పాఠంలో ఆలోచిద్దాం.

దాస్తే దాగుతుందా?

మాచర్ల నుండో గురజాల నుండో ఆమెను గుంటూరు తీసుకువెళ్లి క్యాన్సర్ విభాగం ముందు కూర్చోబెడతారు. చుట్టూ ఉన్న రోగులను ఆమె చూస్తుంది. మీరు బయటికి వెళ్లి ఫోనులో మెల్లగా మాట్లాడటం గమనిస్తుంది. విషయం అర్థమవుతుంది, కానీ మీరు బాధపడతారని అడగదు. ఇక ఆమె భయం ఆమెది, మీ భయం మీది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఒంటరివారవుతారు.

కాబట్టి నిజం చెప్పండి. అంతా ఒక్కరోజే చెప్పనక్కరలేదు. "నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ముందుగా అడగండి. డాక్టరు చెప్పేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినండి. "ఏమీ కాదులే" అంటే ఆమె నోరు మూసినట్లే. "నాకూ భయంగానే ఉంది. ఏం చేయాలో ఇద్దరం కలిసి చూసుకుందాం" అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

సిగ్గుపడే జబ్బు కాదు

నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, 1985లో, ఆయన భార్య బసవతారకం గారు క్యాన్సరుతో మరణించారు. ఆమె పేరిట హైదరాబాదులో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2000 జూన్ 22న ప్రారంభమైంది. ఈ జబ్బు పేదా గొప్పా చూడదు. ఎవరి పాపానికీ వచ్చే శిక్ష కాదు. క్యాన్సర్ అంటువ్యాధి కూడా కాదు. ఆమె కంచం, మంచం వేరు చేయకండి. పిల్లలను దగ్గరకు రానివ్వండి.

ఆసుపత్రిలో మీరు చేయగల పనులు

1. రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, మందుల చీటీలు తేదీల వారీగా ఒకే ఫైలులో ఉంచండి.

2. డాక్టరును అడగవలసినవి ముందు రోజే నోటుబుక్కులో వ్రాసుకోండి. జబ్బు ఏ దశలో ఉంది? చికిత్స దేనికోసం, నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా? ఎన్నాళ్లు పడుతుంది?

3. కీమోథెరపీ జరిగే రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే, తెల్లవారేదాకా చూద్దామని ఆగవద్దు. రక్తంలో తెల్లకణాలు తగ్గి ఉంటాయి గనుక ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

4. నోటికి రుచించకపోతే బలవంతం చేయకండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. జుట్టు ఊడితే, చికిత్స అయ్యాక సాధారణంగా మళ్లీ వస్తుందని చెప్పండి.

5. నొప్పిని ఓర్చుకోమనవద్దు. నొప్పి తగ్గించే మందులు ఉన్నాయి, అడగండి.

6. నాటు మందు కోసం చికిత్స మధ్యలో మానిపించకండి.

ఖర్చు సంగతి

పొలం అమ్మకానికి పెట్టకముందే విచారించండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కౌంటరు దగ్గర అడగండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. నరసరావుపేటకు అది సుమారు 45 కిలోమీటర్లే.

మిమ్మల్ని మీరు మరువవద్దు

మిరప కోతల సమయంలో చేనూ ఆసుపత్రీ రెండూ ఒక్కరే చూడలేరు. "ఏదైనా కావాలంటే చెప్పు" అన్న బావమరిదికి నిజంగానే పని చెప్పండి. వారంలో ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోమనండి. వేళకు తినండి. మీ బి.పి., షుగరు మాత్రలు మానకండి. దిగులు మరీ ఎక్కువైతే 14416 నంబరుకు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

అందరికీ జబ్బు నయమవుతుందని మేము చెప్పలేము. నయం కాని జబ్బులో కూడా ఆమె చెప్పుకోవలసిన మాటలు, చూడాలనుకునే మనుషులు ఉంటారు. నిజం తెలియకపోతే ఆ అవకాశం కూడా పోతుంది.

ఈ రాత్రి చేయవలసినది: ఫోను పక్కన పెట్టి ఆమె మంచం దగ్గర పావుగంట కూర్చోండి. "నీకు దేని గురించి ఎక్కువ దిగులుగా ఉంది?" అని అడగండి. సలహా చెప్పకుండా వినండి.