రెండు రోజుల్లో ఫియోర్డులు

ప్రశ్న: ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాం. జూన్ చివర్లో నలుగురు స్నేహితులం బెర్గెన్‌లో కారు అద్దెకు తీసుకుని ఫియోర్డులు చూడాలనుకుంటున్నాం. శని, ఆదివారాలు సరిపోతాయా?

జవాబు: ఒక్క ప్రాంతానికే పరిమితమైతే హాయిగా సరిపోతాయి. గైరాంగర్ దాకా మాత్రం ఆశపడకండి, రెండు రోజులూ కారులోనే గడిచిపోతాయి. శనివారం వోస్ మీదుగా గుడ్వాంగెన్ చేరి కారు అక్కడే ఉంచండి. 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన నేరోయ్ ఫియోర్డు మీదుగా ఫ్లోమ్‌కు పడవలో వెళ్లి, బస్సులో వెనక్కి రావచ్చు. పడవ టికెట్లు ముందే తీసుకోండి. రాత్రి బస ఔర్లాండ్‌లో.

ఆదివారం టూరిస్టు బస్సుల కంటే ముందే స్టెగస్టైన్ ఎక్కండి. నీటికి 650 మీటర్ల ఎత్తున, కొండ అంచు దాటి 30 మీటర్లు గాలిలోకి సాగిన వేదిక అది. చాలామంది అక్కడే వెనుదిరుగుతారు, అదే నాకు బాధ. అదే పాత కొండదారిలో లేర్డాల్ దాకా వెళ్లండి. జూన్‌లోనూ దారి పక్కన మంచు కనిపిస్తుంది. రోడ్డు ఇరుకు, గొర్రెలు అడ్డొస్తాయి, నిదానంగా నడపండి. తిరిగొచ్చేటప్పుడు 24.5 కిలోమీటర్ల లేర్డాల్ సొరంగం పట్టుకోండి. డ్రైవర్లకు మగత రాకుండా అందులో నీలి వెలుగుల గుహలు తొలిచారు.

అక్కడ రక్తంలో మద్యం పరిమితి 0.02 శాతమే. స్టీరింగ్ పట్టేవారు ముందురోజు రాత్రి కూడా ముట్టకూడదు.